ఉత్తర తెలంగాణమున విద్యాసాధనములు: గ్రంథపాలకుని స్థానము

నూతనములగు యంత్రసాధనములు విద్యాలయములఁ బ్రవేశించిన నాఁటినుండి పండితులలో రెండు పక్షము లేర్పడినవి. యంత్రము వచ్చినది గావున గ్రంథాలయముతోఁ బనిలేదని కొందఱందురు. యంత్రము వచ్చి చదువును జెఱిచినదని మఱికొందఱు వగతురు. ఈ రెండు వాదములును జరిత్రను విచారింపక చేసినవే యని నా యభిప్రాయము. అక్షరమును మోయు సాధనము మాఱుట మన కాలముననే మొదటిసారి సంభవించినది కాదు. ఱాతినుండి తాటియాకునకు, తాటియాకునుండి కాగితమునకు, చేతివ్రాఁతనుండి యచ్చునకు నక్షరము పలుమాఱులు వలస వచ్చినది. ఆ ప్రతి వలసయందును నిలిచిన దేది, జాఱిపోయిన దేది, నిలిచినదానిని నిలిపినవా రెవరు అను మూఁడు ప్రశ్నములను విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

విచారమునకుఁ బూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలను గైకొంటిని. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనమువలన నీ రెండును బెక్కు జిల్లాలుగా విడిపోయినవి గాని, చరిత్రవిచారమునకుఁ బాత యెల్లలే యనుకూలములు. గోదావరికి దక్షిణమునఁ గరీంనగరము, ఉత్తరమున ఆదిలాబాదు. ఈ సీమను గ్రహించుటకుఁ గారణము కలదు. శిలాక్షరమునకుఁ గురిక్యాల, చేతికాగితమునకుఁ గోరుట్ల, యంత్రకాగితమునకుఁ గాగజ్‌నగరము, మఱుఁగుపడిన లిపికి గుంజాల, విద్యుత్సాధనములతోడి విద్యకు బాసర. ఇన్ని దృష్టాంతము లొక్క సీమలోఁ గూడుట యరుదు.

శిలాక్షరము

కరీంనగరమునకు సమీపమున గంగాధర మండలమందుఁ గురిక్యాల యను గ్రామము కలదు. ఆ యూరి చెంతనున్న గుట్టమీఁద 10వ శతాబ్దినాఁటి శాసన మొకటి చెక్కఁబడి యున్నది. కన్నడులు తమ యాదికవిగాఁ గొలుచు పంపని తమ్ముఁడు జినవల్లభుఁడు దానిని జెక్కించెను. పంపనిఁ బోషించినవాఁడు వేములవాడ చాళుక్యుఁడగు రెండవ యరికేసరి యనుట పాఠకులకు విదితమే. సంస్కృత కన్నడాంధ్రములు మూఁడును గల యీ శాసనమున మూఁడు తెలుఁగు కందపద్యము లున్నవి. ఇది క్రీ. శ. 945 ప్రాంతమునఁ బుట్టినదని పరిశోధకులు నిర్ణయించిరి. అనఁగా నన్నయభట్టు భారతరచనకుఁ బూనుటకు సుమారు నూఱేండ్లకుఁ బూర్వమే యీ సీమలోఁ గందపద్యము ఱాతి కెక్కియుండెను. తెలుఁగు పద్యముయొక్క ప్రాచీనతను జర్చించువారు దీనిని దఱచుగా నుదాహరించుటకుఁ గారణ మిదియే.

ఇట గమనింపవలసిన దొకటి కలదు. ఆ గుట్టమీఁద జైనశిల్పములును గలవు, పద్యములును గలవు. లోకులు దానికి బొమ్మలమ్మగుట్ట యని పేరు పెట్టిరి. బొమ్మలు జనుల కంటికిఁ గనఁబడెను, పద్యములు గనఁబడలేదు. ఱాయి చెక్కుచెదరలేదు, అక్షరమును జెడలేదు. అయినను లిపి మాఱిపోఁగాఁ జదువరి లేకపోయెను. శాసనపరిశోధకు లా లిపిని నేర్చి చదివి ప్రకటించిన పిమ్మటనే యా పద్యములు తెలుఁగువారి చదువులోనికి మరల వచ్చినవి. తెలంగాణమున నిట్టి శాసనములను సేకరించుటకై 1922లో హైదరాబాదునందు లక్ష్మణరాయ పరిశోధక మండలి యేర్పడినది. ఱాతికంటె దృఢమగు సాధనము లేదు. అట్టి ఱాయియుఁ జదివి చెప్పువాఁడు లేనిచో మూగయే యగును. ఇది మన విచారమునకు మొదటి పాఠము.

కాగితము

తాళపత్రమునుగూర్చి యధికముగాఁ జెప్పఁబనిలేదు. అది నశ్వరము, కొన్ని తరముల కొకమాఱు ప్రతి వ్రాయించినఁగాని గ్రంథము నిలువదు. మంథెన, ధర్మపురి వంటి విద్యాస్థానములలో వేదశాస్త్రములు నిలిచె ననఁగా నది యాకు మహిమ కాదు. ఎత్తివ్రాసినవారి యొక్కయు, వల్లించినవారి యొక్కయు మహిమ. ఏ గ్రంథమును మరల వ్రాయవలెను, దేనిని విడువవలె నను నిర్ణయము వ్రాయసకానిదియో, వ్రాయించిన గృహస్థునిదియో యై యుండెను. వారు విడిచినది పోయినది. నేఁ డా నిర్ణయము గ్రంథపాలకుని చేతిలో నున్నది.

కాగితము విషయమున నీ సీమకుఁ గల ప్రసిద్ధి మనలోఁ బెక్కండ్రకుఁ దెలియదు. కోరుట్లలోఁ బూర్వము చేతికాగితము తయారగుచుండెను. నిజాము పాలనకాలమున పట్వారీలు దానిని దమ లెక్కపుస్తకములకు వాడుచుండిరి. పొలము కొలతలు, శిస్తు పద్దులు దానిమీఁద నెక్కినవి. ఊరి పట్వారీ దస్త్రములో నొక చెలక సంఖ్య వెదకిన దొరకును. అదే యూరి కవి పద్యము వెదకినచో దొరకుట దుర్లభము. పద్దునకుఁ బట్టిక యున్నది, పద్యమునకుఁ బట్టిక లేదు. ప్రభుత్వమునకు శిస్తు కావలసి వచ్చెను గనుక పద్దునకు రక్షకుఁ డేర్పడెను. పద్యమునకు రక్షకుఁ డేర్పడుటకు గ్రంథాలయోద్యమము రావలసి వచ్చినది.

ఆదిలాబాదు మండలమున 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపితమై 1942లోఁ గాగితము నుత్పత్తి చేయ నారంభించినది. అంతవఱకుఁ గొత్తపేట యనఁబడిన యూరు కాగజ్‌నగర మయ్యెను. కాగజ్ అనఁగా పారసీకమునఁ గాగితమే. ఆ యడవులలోని వెదురు ఆ మిల్లునకు ముడిసరకు. 2014లో మూఁతపడిన యీ మిల్లు యాజమాన్యము మాఱి 2018లో మరల తెఱవఁబడినది. ఈ వెదురు మాట పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనఁ బ్రార్థింతును; దానితో ముందు పని యున్నది.

గ్రంథాలయోద్యమము

1901 సెప్టెంబరు 1న హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు, నాయని వేంకటరంగారావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు దీనికి మూలపురుషులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయ మేర్పడినది. 1914 ఏప్రిలు 10న బెజవాడలో నాంధ్రదేశ గ్రంథాలయప్రతినిధుల మహాసభ జరిగెను; అయ్యంకి వేంకటరమణయ్య దానికిఁ బ్రాణమువంటివాఁడు. తెలంగాణమున నీ యుద్యమము కఠినమైన మార్గమున నడువవలసి వచ్చెను. 1918లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. తెలుఁగు బాలునకుఁ దన భాషలోఁ బైచదువు దొరకని కాలమున భాషానిలయమే వానికిఁ గళాశాల యయ్యెను. 1935లో నాలుగవ యాంధ్రమహాసభ కరీంనగర మండలమందలి సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగినది. మాతృభాషలో విద్య, గ్రంథాలయస్థాపనము అను రెండును నా మహాసభలలో విడివడని విషయములు.

నూతన సాధనములయెడ నాఁటి గ్రంథాలయసేవకులకు విముఖత లేకుండెను. అదే 1935లోఁ గృష్ణా కాలువమీఁదఁ బాతూరి నాగభూషణముగారు పడవ గ్రంథాలయమును నడపిరి. త్రోవలు లేని పల్లెలకుఁ బడవ పోవును. పడవ పోవుచోటికిఁ బుస్తకమును బోవును. ప్రయాణసాధనమును విద్యాసాధనముగాఁ జేసిన యీ బుద్ధియే నేఁడు మనకుఁ గావలసినది.

ఈ కాలముననే గ్రంథపాలకత్వము శాస్త్రత్వమును బొందెను. శియాళి రామామృత రంగనాథన్ గణితాధ్యాపకుఁడై యుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథపాలకుఁ డయ్యెను. పిమ్మట లండనునకుఁ బోయి యచటి గ్రంథాలయములను బరిశీలించెను. అచట నొక పెద్ద యంగడిలో మెకానో యను నాటవస్తువును జూచెను. కొన్ని లోహపుఁ బలకలను, మఱలను వేర్వేఱు విధములఁ గూర్చి బాలుఁడు బండియుఁ జేయును, వంతెనయుఁ జేయును. దానిని జూడఁగా నతనికి గ్రంథవిషయములను గూడ మూలాంశములుగా విడఁదీసి, మరలఁ గూర్చి, గుఱుతు లేర్పఱుపవచ్చునని తోఁచెను. 1933లోఁ బ్రకటితమైన కోలన్ వర్గీకరణమునకు బీజ మది. అంతకుఁ బూర్వము 1876లో నమెరికాలో మెల్విల్ డ్యూయీ యేర్పఱచిన దశాంశ వర్గీకరణమున విషయములన్నియు ముందే గదులుగాఁ గట్టి యుంచఁబడినవి. రంగనాథన్ పద్ధతిలో గది యప్పటికప్పుడు కట్టఁబడును. వైయాకరణులకు దీని మర్మము వెంటనే తెలియును. శబ్దములన్నిటిని జాబితా వ్రాయుట యొక పద్ధతి. ధాతుప్రత్యయములను జెప్పి శబ్దములను నిష్పాదించుట వేఱొక పద్ధతి. రెండవది పాణిని పద్ధతి.

రంగనాథన్ 1931లోఁ బ్రకటించిన యైదు సూత్రముల సారమును జెప్పవలె ననిన నిట్లు చెప్పవచ్చును: గ్రంథము దాఁచుటకుఁ గాదు, తగిన చదువరికిఁ దడవు లేకుండఁ జేర్చుటకు, అందుకై గ్రంథాలయ మెప్పటికప్పుడు పెరుగుచు మాఱుచు నుండవలెను. ఈ దృష్టిలో గ్రంథపాలకుఁడు తాళముచెవులవాఁడు కాఁడు, ఉపాధ్యాయుఁడు. తరువాత 1948లో మద్రాసు రాష్ట్రమున, 1955లో హైదరాబాదు రాష్ట్రమున, 1960లో నాంధ్రప్రదేశమున గ్రంథాలయశాసనము లేర్పడినవి. జిల్లాకొక గ్రంథాలయసంస్థ వచ్చినది. శాసనమువలన భవనము వచ్చును, ఉద్యోగము వచ్చును. సూత్రార్థ మా యుద్యోగి మనస్సునకు రావలెను.

మార్లవాయి, గుంజాల

ఇఁక నీ వ్యాసమునకు ముఖ్యమగు విషయమునకు వచ్చుచున్నాను. 1940లో ఆదిలాబాదడవులలో కుమ్రం భీము నాయకత్వమున గోండులు చేసిన పోరాటము రక్తపాతముతో ముగిసెను. పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని బరిశీలించుటకు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించినది. అతఁడు మార్లవాయి గ్రామమున నివసించి, 1943లో నచట గోండు యువకులను నుపాధ్యాయులుగాఁ దీర్చు శిక్షణాలయమును నెలకొల్పించెను. గోండు బాలునకు గోండీలోనే మొదటి చదువు చెప్పవలెనను సంకల్ప మా కాలమున నసాధారణమైనది. ఉర్దూ పరిపాలనభాషగా నున్న రాజ్యమునందుఁ దెలుఁగువారికే దొరకని భాగ్యము గోండులకు దొరకె ననవచ్చును. గోండీ వాచకములు తయారైనవి. అవి దేవనాగరిలిపిలో వ్రాయఁబడినవి.

దేవనాగరి యేల? ఆ ప్రాంతమున మరాటీ పరిచయము కలదు. నాగరిలిపి యచ్చునకుఁ దేలిక. అన్నిటికి మించి, గోండీ వాగ్రూపమగు భాషయే గాని లిపిగల భాష కాదను నమ్మకము విద్యావంతులలో బలముగా నుండెను. అయితే మార్లవాయి కెంతో దూరము లేని నార్నూరు మండలమున గుంజాల యను నూరు కలదు. ఆ యూరి యిండ్లలో గోండీ లిపితోడి వ్రాఁతప్రతు లుండెను. 2006 ప్రాంతమున నవి పరిశోధకుల కంటఁ బడినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందలి దళిత ఆదివాసీ అధ్యయనకేంద్రమువారును, ఆచార్య జయధీర్ తిరుమలరావుగారును నా ప్రతులను బరిశీలించి లోకమునకుఁ దెలిపిరి. అవి 1750 ప్రాంతమునాఁటివని విశేషజ్ఞుల యంచనా. ఆ లిపిని జదువఁగలవారు గ్రామమునఁ గొలఁదిమంది వృద్ధులు మాత్రమే యప్పటికి మిగిలి యుండిరి.

ఈ లిపిలో నొక విశేషము నావంటి వ్యాకరణవిద్యార్థికి మిక్కిలి యాశ్చర్యమును గలిగించినది. మన దేశపు లిపులలో సాధారణముగా హల్లులు కకారముతో నారంభమై వర్గక్రమమున సాగును. గుంజాల లిపిలో యకారము మొదటిది; ఆ పిమ్మట వకారము, బకారము వచ్చును. దీనిని గూర్చినవాఁడు మన వర్ణమాలను జూచి యెత్తివ్రాయలేదు, తనదైన క్రమమును గల్పించుకొనెను. వర్ణక్రమము భిన్నమగుట స్వతంత్రమగు విద్యాసంప్రదాయమునకు గుఱుతు. వర్ణసమామ్నాయమున్న చోట బోధన మున్నది. బోధనమున్న చోట గురువును శిష్యుఁడును నుండిరి.

ఇప్పుడు వెదురుమాటను దలఁచుకొందము. ఆదిలాబాదడవి వెదురు 1942నుండి కాగితముగా మాఱి దేశమంతటికిని బోయెను. ఆ యడవిలో నివసించు జాతి లిపి మాత్రము తరములు గడచినను నా కాగితమున కెక్కలేదు. మిల్లు కలదు, అచ్చుయంత్రములు గలవు, మాతృభాషలోఁ జదువు చెప్పవలెనను సదుద్దేశముగల యధికారులును గలరు. లేని దొక్కటే: ఏ యింట నే ప్రతి యున్నదో తెలుపు పట్టిక. అట్టి పట్టిక యుండినచో మార్లవాయి వాచకములు గుంజాల లిపిలో వెలువడియుండెనేమో. వారిని నిందించుటకై యీ మాట యనుటలేదు. సాధనములన్నియు నుండియు సూచిక లేకపోయినచోఁ గలుగు నష్ట మెట్టిదో చూపుట కిదియే తగిన యుదాహరణము. కురిక్యాలలో వ్రాఁత యెదుట నుండియుఁ జదువరి లేఁడు. గుంజాలలోఁ జదువరు లుండియు లోకమునకు వ్రాఁత జాడ తెలియదు. రెండుచోట్లను గొఱఁతపడినది నడుమనుండవలసినవాఁడే.

విద్యుదక్షరము

కంప్యూటరులోఁ బ్రతి యక్షరమునకు నొక సంఖ్య యుండవలెను. లోకమందలి లిపులన్నిటికి నేకరీతిని సంఖ్యలను గల్పించిన యేర్పాటునకు యూనికోడు అని పేరు. ఇది మన కాలపు వర్ణసమామ్నాయము. ఇందుఁ జోటు లేని లిపికిఁ గంప్యూటరులోను, ఫోనులోను సరియైన యునికి లేదు. తెలుఁగునకు 1991లో, యూనికోడు మొదటి ప్రకటనములోనే, చోటు దొరకినది. గుంజాల గోండీ లిపికి 2018 జూనులోఁ బదునొకండవ ప్రకటనమున దొరకినది. మెచ్చవలసిన దేమనఁగా, హల్లుల క్రమమును మన వర్గక్రమమునకుఁ దిప్పక, యకారాదిగా నున్నదాని నున్నట్లే యందు నిలిపిరి. అచ్చుయంత్రమునకు దవ్వుగా మిగిలిన లిపి, వెలుఁగులోనికి వచ్చిన పండ్రెండేండ్లకే విద్యుదక్షర మయ్యెను. యంత్రము చదువును జెఱుచునను పక్షమువారు దీనికి సమాధానము చెప్పవలెను.

అయితే యంత్రమే చాలునను పక్షమువారికిని జెప్పవలసినది కలదు. పూర్వపు చిత్తూరు మండలమున జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారమును బొందిన ఆచార్య రాజ్ రెడ్డిగారి ప్రేరణమున పది లక్షల గ్రంథములను విద్యుద్రూపమున నిలుపవలెనను ప్రణాళిక యారంభమైనది. 2007 నాఁటికి 15 లక్షలకు మించిన గ్రంథములు వివిధదేశములలో నిట్లు ప్రతిబింబితములైనవి. భారతదేశమున నీ పనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యని పేరు. వేలకొలఁది తెలుఁగు గ్రంథములు, అందును మరల నచ్చు కానివి, దీనివలన నింటనుండియే చదువ వీలైనది. ఇది మహోపకారము.

కాని యా గ్రంథముల పేళ్లు రోమను లిపిలో, దీర్ఘచిహ్నములు లేక, తఱచు తప్పుగా నమోదైనవి. రోమనులో నొక మాట యట్లు వ్రాసినచోఁ గల, కళ, కాల, కాళ యను నాలుగింటికి నొకటే రూపము. పదము, పాదము నొకటే. టకార తకారములు, ణకార నకారములు, ళకార లకారములు కలిసిపోవును. హ్రస్వదీర్ఘభేదమువలన నర్థము మాఱునని బడిపిల్లవానికిఁ జెప్పుదుము. ఆ భేద మీ పట్టికలో లుప్తమైనది. తత్ఫలముగా గ్రంథ మక్కడనే యుండును, వెదకినవానికి దొరకదు. పాణినీయమున లోప మనఁగా నాశము గాదు. ఉండవలసినచోటఁ గనఁబడకుండుట మాత్రమే. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునని వైయాకరణు లందురు. గ్రంథమున కా యదృష్టము లేదు. కనఁబడని గ్రంథ మే కార్యమును జేయదు.

ఈ లోపమును దిద్దినవారు జీతగాండ్రు కారు. 2003 డిసెంబరులోఁ బుట్టిన తెలుఁగు వికీపీడియాలోఁ బనిచేయు స్వచ్ఛందసేవకులు కొందఱు గ్రంథముల ముఖపత్రములను దెఱచి చూచి, పేళ్లను, కర్తలను దెలుఁగులిపిలోఁ బట్టికలుగా వ్రాసిరి. కొంతకాలమునకు డిజిటల్ లైబ్రరీ స్థానము మూఁతపడినది. ఇంటర్నెట్ ఆర్కైవు అను వేఱొకచోటఁ బ్రతులు నిలిచి యుండుటచేతనే యా గ్రంథములు నేఁటికిఁ జదువఁ దగియున్నవి. తాటియాకు కాలపు ధర్మమే యిచటను వర్తించినది: ఎత్తివ్రాసి రెండవచోట నుంచినది నిలిచినది.

నా యనుభవమున నొక ముచ్చట కలదు. నే నెఱిఁగిన యొక పాఠశాలలోఁ గంప్యూటరు రాఁగానే గ్రంథాలయపు పాత రిజిస్టరు పాతకాగితములవానికిఁ బోయెను. పేళ్లన్నియు యంత్రములో నెక్కినవి గదా యని యందఱును సంతోషించిరి. కొన్నేండ్లకు యంత్రము చెడెను. రెండవ ప్రతి లేదు. బీరువాలలోఁ బుస్తకము లెప్పటివలెనే యుండెను. ఛందోగ్రంథ మొకటి కావలె నని విద్యార్థి యడిగినప్పు డేది యెచ్చట నున్నదో చెప్పువారు లేరైరి. తప్పు యంత్రముది యని యప్పు డంటిని. విచారింపఁగా రిజిస్టరును విడిచినప్పుడు నోరు మెదపని నావంటివారిది యని తెలిసినది.

బాసర

గోదావరీతీరమున బాసర జ్ఞానసరస్వతీ క్షేత్రము. తెలుఁగునేల నలుమూలలనుండి తల్లిదండ్రులు పిల్లల నచటికిఁ దోడ్తెచ్చి యక్షరాభ్యాసము చేయింతురు. ఆ యూరనే 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినది. పదవతరగతి ముగించిన గ్రామీణ విద్యార్థుల నాఱేండ్ల చదువునకుఁ జేర్చుకొని, ప్రతి విద్యార్థికి నొక ల్యాప్‌టాపు నిచ్చి బోధించుట దానియందు విశేషము. పై రాజ్ రెడ్డిగారే దానికిఁ దొలి కులపతి. బియ్యముమీఁద వ్రేలితో వ్రాసిన మొదటి యక్షరమునకును, ల్యాప్‌టాపు తెరమీఁది యక్షరమునకును నడుమ దూరము బాసరలో గుడికిని బడికిని నడుమనున్నంతే. అదే 2008లోఁ గరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయ మారంభమైనది.

ఇట్టి విద్యాలయములలో గ్రంథపాలకునికి నేఁడు లభించు సాధనము లల్పములు గావు. 1991లో నేర్పడిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ అను జాతీయసంస్థ విశ్వవిద్యాలయ గ్రంథాలయములను గలుపుచున్నది. 2009నాఁటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నియమమువలన నూతన పరిశోధన వ్యాసములు విద్యుద్రూపమున సమర్పితములై శోధ్‌గంగ యను నిధిలోఁ జేరుచున్నవి. న్యూజీలాండులోని చిన్న గ్రంథాలయ మొకటి 2000లోఁ గోహా యను పట్టికాయంత్రమును దయారుచేయించి, లోకమున నెవరైనను వెలలేక వాడుకొనుఁ డని యిచ్చినది. కోహా యనఁగా మావోరీ భాషలోఁ గానుక. విద్యాదానమును బెద్దదానముగా నెంచు మనకుఁ బరదేశీయుల యీ మాట పరాయిది గాదు.

కాని సాధనము చేరుట వేఱు, విద్య చేరుట వేఱు. అంటువ్యాధివలన బడులు మూఁతపడినప్పుడు 2020 సెప్టెంబరు 1నుండి తెలంగాణమున దూరదర్శనము, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. పట్టణపు బాలుఁడు వినెను. ఆదిలాబాదు గూడెములలో ఫోను సంకేత మందనిచోట్ల బాలుని కా పాఠము గాలిలోనే పోయెను. 1935లోఁ ద్రోవ లేని పల్లెకుఁ బడవ వేసికొని పోయిన బుద్ధిమంతు లిట్టిచోటఁ బాఠములను యంత్రములో నింపుకొని మోసికొని పోయియుందురు.

ముగింపు

పై విచారమువలన నొక సిద్ధాంతము తేలుచున్నది. ఏ సాధనమును దనంతఁ దాను గ్రంథమును నిలుపలేదు, చెఱుపలేదు. ఱాయి నిలిచియుఁ బద్యము మఱుఁగుపడెను; కాగితపు మిల్లుండియు లిపి మఱుఁగుపడెను; యంత్రములో నెక్కియుఁ బుస్తకము మఱుఁగుపడెను. మఱుఁగు తొలఁగినప్పు డెల్ల నొక మనుష్యుఁడు నడుమ నిలిచి పేరు సరిగా వ్రాసి, జాడ చెప్పి, ప్రతిని రెండవచోట దాఁచి, చదువ నేర్పినాఁడు. వాని యుద్యోగనామ మేదైనను వాఁడే గ్రంథపాలకుఁడు.

కావున కరీంనగరాదిలాబాదు సీమలోని కళాశాలాగ్రంథాలయములు మూఁడు పనులకుఁ బూనవలెనని నా విన్నపము. మొదటిది, గ్రంథనామములను దెలుఁగులిపిలో, హ్రస్వదీర్ఘములు తప్పక, యంత్రమునకును గాగితమునకును గూడ నెక్కించుట. రెండవది, ఇండ్లలో నున్న వ్రాఁతప్రతులను, అవి గోండీవైనను దెలుఁగువైనను, యజమానులయొద్దనే యుండనిచ్చి, వానికిఁ బ్రతిబింబములు దీసి పట్టిక వ్రాయుట. మూఁడవది, పుస్తకమును వెదకు విధమును విద్యార్థికిఁ బాఠముగాఁ జెప్పుట. ఈ మూఁడింటికిని బండితుల సహాయము కావలెను. ముఖపత్రము చినిగిన గ్రంథమును రెండు పుటలు చదివి గుర్తుపట్టుట, ఒకే పేరుగల యిద్దఱు కర్తలను విడఁదీసి చెప్పుట, లేఖకదోషమును పాఠాంతరమునుండి వేఱుచేయుట మన చదువునకు సంబంధించిన పనులే. యంత్రమును దూషించుచుఁ గాలము గడపుటకంటె, వారమున కొకపూట సమీపమందలి గ్రంథాలయమునకుఁ బోయి గ్రంథపాలకుని ప్రక్కఁ గూర్చుండి పది పుస్తకముల పేళ్లు దిద్దుట మేలు. వచ్చు మాసమునుండి మా యూరి గ్రంథాలయమున నే నీ పని కారంభించుచున్నాను. నాతోడి పండితులును దమ తమ యూళ్లలో నిట్లే పూనుకొందురని నమ్మెదను.